ఫైర్ అండ్ ఫ్యూరీ: ఒకే కాపీ, పెన్సిల్ గీతలూ ఎర్ర గీతలూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త పుస్తకం కాదండి. 2018 జనవరిలో వచ్చింది, అప్పుడే జనం చదివేసి, తిట్టుకునేసి, మర్చిపోయారు కూడా. నా చేతికి మాత్రం ఇప్పుడొచ్చింది. మొన్న మా అక్క వాళ్లు అమెరికాలో ఎడిసన్ నుంచి వస్తూ సూట్‌కేసులో చాక్లెట్లు, బాదంపప్పు, అమ్మకి మోకాళ్ల నొప్పుల ఆయింట్‌మెంటు, వాటన్నిటి అడుగున ఈ పుస్తకం పెట్టుకొచ్చింది. "ఇల్లు మారుతున్నాంరా, ఇవన్నీ ఎక్కడ మోస్తాం, నువ్వు చదువుకుని ఎవరికైనా ఇచ్చెయ్" అంది. మైకేల్ వుల్ఫ్ రాసిన ఫైర్ అండ్ ఫ్యూరీ. ట్రంప్ మొదటిసారి ప్రెసిడెంట్ అయిన కొత్తల్లో వైట్‌హౌస్ లోపల ఏం జరిగిందో చెప్తానంటూ, ఆయన కుర్చీలో ఉండగానే వచ్చిన పుస్తకం. 2025 జనవరి నుంచి మళ్లీ ఆయనే కుర్చీలో ఉన్నాడు కాబట్టి పాతదైనా పాచి వాసన రాలేదు.

అయితే ఈ కాపీ సంగతి వేరండి. అక్క పెన్సిల్‌తో చదివింది, అంటే గీతలు గీస్తూ, పక్కన చిన్న అక్షరాలతో తెలుగులో కామెంట్లు రాస్తూ. తర్వాత బావ అదే కాపీని ఎర్ర పెన్నుతో చదివాడు. అక్క టిక్కు పెట్టిన చోట బావ ఇంటూ పెట్టాడు. అక్క "కరెక్ట్" అని రాసిన చోట బావ "ఎవడు చెప్పాడు?" అని రాశాడు. కొన్ని పేజీల్లో అసలు అచ్చు కంటే వీళ్లిద్దరి గొడవే ఎక్కువుంది. ఆ రోజుల్లో ఈ పుస్తకం మీద అమెరికా అంతా అయిదు స్టార్లు ఒక స్టారు అని విడిపోయింది కదా, మధ్యలో రెండు మూడు ఇచ్చినవాడే కనపడలేదు, ఆ గొడవంతా మా ఇంట్లో ఒక్క కాపీలోనే ఉంది. కాబట్టి ఇది పుస్తకానికి రివ్యూ, కొంచెం మా అక్కాబావల గీతలకి కూడా రివ్యూ.

పేరు సంగతి ముందు. 2017 ఆగస్టులో ఉత్తర కొరియాని బెదిరిస్తూ ట్రంప్ అన్న మాట అది, ప్రపంచం ఎప్పుడూ చూడనంత నిప్పు, ఆగ్రహం చూపిస్తా అని. ఆ మాటే తీసి అట్ట మీద పెట్టాడు వుల్ఫ్. తమాషా ఏంటంటే ఇదే పేరుతో రాండల్ హాన్సెన్ అనే టొరంటో ప్రొఫెసర్ పుస్తకం ఒకటి అప్పటికి పదేళ్ల ముందే ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద బాంబులేసిన చరిత్ర. జనం తొందరలో అది కొనేశారు! పాపం ఆయన పుస్తకం ఉన్నట్టుండి బెస్ట్‌సెల్లర్ లిస్టులోకి ఎక్కింది. ట్రంప్ బెడ్‌రూమ్ కబుర్లు చదువుదామని కూర్చుంటే హాంబర్గ్ మీద బాంబులు పడుతుంటే వాళ్ల మొహాలు ఎలా ఉండుంటాయో అని నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇక రిలీజ్ హడావుడి పెద్ద సినిమా రేంజిలో జరిగింది. అసలు డేట్ జనవరి 9. 3వ తేదీన పేపర్లలో కొన్ని ముక్కలు బయటికొచ్చాయి, 4న ట్రంప్ లాయర్ నుంచి పబ్లిషర్‌కి లీగల్ నోటీసు వెళ్లింది, పుస్తకం ఆపెయ్యండి అని. హెన్రీ హోల్ట్ వాళ్లు ఆపకపోగా నాలుగు రోజులు ముందుకి జరిపి 5నే దింపేశారు. వాషింగ్టన్‌లో ఒక షాపు అర్ధరాత్రి తలుపులు తీస్తే నిమిషాల్లో స్టాకంతా ఖాళీ. మొదట వేసింది లక్షన్నర కాపీలే, దాంతో ఎక్కడ చూసినా నో స్టాక్. మా అక్క ఆన్‌లైన్లో ఒక చోట ఆర్డర్ పెడితే ఇవాళ వస్తుంది రేపు వస్తుంది అని మెయిళ్లు తప్ప పుస్తకం రాలేదు, చివరికి మూడో వారంలో వచ్చింది, అదీ అట్ట మూల నలిగిపోయి. ఈలోపు బావ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో దొంగ పీడీఎఫ్ వచ్చేసింది. ట్రంప్ అంటే ప్రాణం పెట్టే బావ ఫ్రీగా చదివాడు, ట్రంప్ అంటే మండిపడే అక్క 30 డాలర్ల పుస్తకం కొనుక్కుని మూడు వారాలు వెయిట్ చేసింది.

నోటీసు ఇవ్వడం అనేది మాత్రం గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే అయింది, అది ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. నోరు మూసుకుని ఊరుకుంటే రెండు వారాల్లో చల్లారిపోయే పుస్తకం. అమెరికాలో అచ్చు కాకముందే ఒక పుస్తకాన్ని ఆపించడం మామూలు విషయం కాదు, 1971లో పెంటగాన్ పేపర్ల కేసులో, అంటే వియత్నాం యుద్ధం రహస్య ఫైళ్లని పేపర్లు అచ్చెయ్యడం మీద జరిగిన కేసులో, సుప్రీంకోర్టు ఆ దారి దాదాపు మూసేసింది, అది తెలిసే లాయర్ చేత ఉత్తరం రాయించాడంటే కోపం అంతుందన్నమాట. ఆ మర్నాడు రచయిత పెద్ద లూజర్ అని, పుస్తకం బోరు అని, అబద్ధాల పుట్ట అని ట్వీటు. ఆ పై రోజు తను చాలా స్థిరమైన జీనియస్‌ని అని ఇంకో ట్వీటు. ఇంతకంటే పబ్లిసిటీ ఏ పబ్లిషర్ కొనగలడు చెప్పండి.

మన దగ్గర కూడా ఈ తంతు కొత్తేం కాదులెండి. ఎన్టీఆర్ సీఎంగా ఉన్నప్పుడే ఆయన్ని ఎగతాళి చేస్తూ సినిమాలు వచ్చాయి, మా పెద్దమావయ్య తెనాలిలో ఆ పోస్టర్ల మీద పేడ కొట్టి వచ్చాడు. సినిమా చూశావా మావయ్యా అంటే "చూస్తే వాడికి డబ్బులు రావూ" అనేవాడు. ఒక స్టారు ఇచ్చిన అమెరికా వాళ్లలో చాలామంది మా మావయ్య టైపే. చదవలేదు, చదవం, కానీ ఒక స్టారు.

సరే, లోపల ఏముంది. ఎవరూ గెలుస్తామనుకోలేదు, ట్రంపే అనుకోలేదు అన్న ఎలక్షన్ రాత్రి దగ్గర మొదలై, దాదాపు మొదటి ఏడాదిలో వైట్‌హౌస్‌లో మూడు ముఠాలు ఎలా కొట్టుకున్నాయో చెప్తాడు. ఒక పక్క ట్రంప్ సలహాదారు స్టీవ్ బానన్, ఇంకో పక్క కూతురు ఇవాంకా, అల్లుడు జారెడ్ కుష్నర్, మూడో పక్క పార్టీ మనిషి ప్రీబస్. మన జాయింట్ ఫ్యామిలీ సీరియల్ చూసినవాళ్లకి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏం లేదు, అల్లుడు ఇల్లరికం వచ్చాక పాత దివాన్‌కి కోపం రావడం అంతే. కూతురికీ అల్లుడికీ కలిపి బానన్ జార్వాంకా అని పేరు కూడా పెట్టాడు. చదవడానికి మాత్రం సూపర్ స్పీడండి, నేను మూడు రాత్రుల్లో అవగొట్టేశా, ఆఫీసు క్యాబ్‌లో కూడా చదివా. కాన్‌స్టిట్యూషన్ గురించి ట్రంప్‌కి చెప్దామని ఒకడు కూర్చుంటే నాలుగో సవరణ దాకా వెళ్లేసరికి ఆయన కళ్లు పైకి తేలిపోయాయంటాడు, అక్కడ నేను గట్టిగా నవ్వితే డ్రైవర్ అద్దంలోంచి చూశాడు.

ఒక పేజీ చెప్తా వినండి, ఈ పుస్తకం బలం, రోగం రెండూ అందులోనే కనపడతాయి. ట్రంప్ బెడ్‌రూమ్ పేజీ. ఉన్న ఒక టీవీ చాలక ఇంకో రెండు టీవీలు పెట్టించుకున్నాడట, తలుపుకి లోపల తాళం కావాలన్నాడట, చొక్కా కింద పడుంటే అది నేను కావాలనే పడేశాను, తియ్యొద్దు అని పనివాళ్లని కసిరాడట, టూత్‌బ్రష్ ఎవరూ ముట్టుకోకూడదట, ఎవరైనా విషం పెడతారేమో అని భయమట, సాయంత్రం ఆరున్నరకి మంచం మీద చీజ్‌బర్గర్ తింటూ మూడు టీవీలు చూస్తూ ఫోన్లు చేసుకుంటాడట. చొక్కా మాట పక్కన అక్క పెన్సిల్‌తో "మా ఆయన కూడా సేమ్" అని రాసింది. దాని కింద బావ ఎర్ర పెన్ను: "ఎవరు చూశారు? రచయిత మంచం కింద దాక్కున్నాడా?"

నిజం చెప్పాలంటే ఈ పేజీ వరకు నా ఓటు బావకే. ఎందుకంటే ఇది ఎవరు చెప్పారో వుల్ఫ్ రాయడు. చాలా చోట్ల అంతే, ఫలానా ఆయన ఇలా అనుకున్నాడు, ఫలానా ఆవిడకి ఇలా అనిపించింది అని నవల్లాగా రాసుకుంటూ పోతాడు, కింద ఫుట్‌నోట్ ఉండదు. రెండొందల పైచిలుకు ఇంటర్వ్యూలు చేశానంటాడు, వైట్‌హౌస్‌లో సోఫాలో నెలల తరబడి కూర్చున్నానంటాడు, వచ్చేపోయేవాళ్లు తనని ఫర్నిచర్‌లా చూడ్డం మొదలెట్టారట, అక్కడే దొరికింది సరుకంతా. ట్రంపేమో నేను వాణ్ణి అసలు లోపలికే రానివ్వలేదు, పుస్తకం కోసం మాట్లాడనే లేదు అన్నాడు. రానివ్వకపోతే ఆ సోఫాలో ఎవరు కూర్చున్నారు స్వామీ అని అక్క అడుగుతుంది. అదీ కరెక్ట్ ప్రశ్నే. మొదట్లో వీడు మనకి అనుకూలంగా రాస్తాడులే అనుకుని వదిలేసినట్టున్నారు. మనింటికి వచ్చి కాఫీ తాగి వెళ్లే పిన్నిగారు పక్కింట్లో మన గురించే చెప్తుందని మనకి లేటుగా తెలుస్తుంది చూడండి, అలాగ.

తప్పులు చాలానే ఉన్నాయండి, ఇదొక్కటి ఫ్యాన్స్ ఒప్పుకోరు. అమెరికా దిగువ సభ స్పీకర్‌గా ఉన్న జాన్ బేనర్ రాజీనామా చేసింది 2015లో, ఈయన 2011 అని రాశాడు. బేనర్ పేరు చెప్తే ట్రంప్ "ఎవరతను?" అన్నాడని ఇంకో కథ, అప్పటికే ట్రంప్ ఆయన గురించి ఎన్నోసార్లు మాట్లాడి ఉన్నాడు. ఒక హోటల్లో బ్రేక్‌ఫాస్ట్‌కి వచ్చినవాళ్ల పేర్లలో మైక్ బెర్మన్ అనే లాబీయిస్టు బదులు మార్క్ బెర్మన్ అనే వాషింగ్టన్ పోస్ట్ రిపోర్టర్ పేరు పడింది, ఆ రిపోర్టర్ నేనసలు ఆ హోటల్లో బ్రేక్‌ఫాస్టే చెయ్యలేదు బాబోయ్ అని చెప్పుకోవాల్సి వచ్చింది. బ్రిటన్ గూఢచారులు ట్రంప్ వాళ్ల మీద నిఘా పెట్టి ఉండొచ్చు అని ఆ దేశం మాజీ ప్రధాని టోనీ బ్లేర్ హింట్ ఇచ్చాడని రాస్తే బ్లేర్ అది పూర్తి కట్టుకథ అన్నాడు. వైట్‌హౌస్‌లో పని చేసిన కేటీ వాల్ష్ ట్రంప్‌తో పని చెయ్యడం చిన్నపిల్లాడికి ఏం కావాలో కనిపెట్టడం లాంటిది అన్నట్టు రాస్తే ఆవిడా నేనలా అన్లేదు అంది. వుల్ఫేమో నా దగ్గర టేపులు, నోట్సు ఉన్నాయి అని ఊరుకున్నాడు. వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ సారా సాండర్స్ చెత్త టాబ్లాయిడ్ కథ అని కొట్టిపారేయడానికి ఈ చిన్న తప్పులే చక్కగా పనికొచ్చాయి. ఒక్క ప్రూఫ్ రీడర్‌ని కూర్చోబెట్టి రెండు రోజులు చూపిస్తే పోయే తప్పులు, నాలుగు రోజులు ముందుకి లాగిన పుస్తకం మరి, ఎవరికి తీరిక.

అప్పట్లో ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా ఉన్న నిక్కీ హేలీ విషయం ఇంకా దారుణం. పుస్తకంలో ట్రంప్ ఆవిడతో విమానంలో ఎక్కువసేపు గడుపుతున్నాడు అని నసుగుతూ ఒక మాట, తర్వాత టీవీలో కూర్చుని ప్రెసిడెంట్‌కి ఎవరితోనో సంబంధం ఉంది, లైన్ల మధ్య చదువుకోండి అన్నట్టు ఇంకో మాట. ఆవిడ అది అసహ్యం, పచ్చి అబద్ధం అంది. పైకొచ్చిన ఆడమనిషి అంటే చాలు ఇలాంటి పుకారు ఒకటి అంటించడం మన ఆఫీసుల్లో చూడనిదా. ఇక్కడ మా అక్క కూడా పెన్సిల్‌తో "ఇది బాలేదు" అని రాసింది. బావ దాని కింద ఏమీ రాయలేదు, టిక్కు మాత్రం పెట్టాడు. పుస్తకం మొత్తంలో అక్క కామెంట్‌కి బావ టిక్కు ఇదొక్కటే.

ఇప్పుడు అసలు పేజీకి వస్తా. 2016 డిసెంబర్, ట్రంప్ ఇంకా ప్రమాణ స్వీకారం చెయ్యలేదు. సిలికాన్ వ్యాలీ పెద్దలంతా ట్రంప్ టవర్‌కి వచ్చి కలిసి వెళ్లారు. ఆ సాయంత్రం ట్రంప్ ఫాక్స్ న్యూస్ అధిపతి రూపర్ట్ మర్డోక్‌కి ఫోన్ చేసి, పాపం వీళ్లకి నా సాయం చాలా అవసరం, ఒబామా వీళ్లకేం చెయ్యలేదు, ఈ హెచ్1బి వీసాలు వీళ్లకి బాగా కావాలి అన్నాడట. ఎనిమిదేళ్లు ఒబామా వాళ్ల జేబులోనే ఉన్నాడు, వాళ్లకి నీ సాయం ఎందుకు అని మర్డోక్. హెచ్1బి దగ్గర చేతులు వదులు చేస్తే, గోడ కడతా సరిహద్దులు మూసేస్తా అన్న మాటలకి ఎలా పొసుగుతుంది అంటే ట్రంప్ ఏదో చూద్దాంలే అన్నాడట. ఫోన్ పెట్టేశాక మర్డోక్ ఒక బూతు కలిపి ఎంత మూర్ఖుడో అన్నాడట.

నాలుగు వాక్యాల ముచ్చట. రాజకీయాలు తెలిసినవాడు ఆ చివరి తిట్టు చూసి నవ్వుకుని పేజీ తిప్పేస్తాడు. మా అక్కాబావలకి అది తిప్పే పేజీ కాదు. ఆ రోజుల్లో బావది ఉద్యోగం మీద వచ్చే హెచ్1బి వీసా, అక్కది భార్యగా వచ్చే హెచ్4. 2015లో హెచ్4 వాళ్లలో కొందరికి పని చేసుకునే పర్మిషన్ వచ్చింది కదా, దాని మీదే అక్క ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ జాబ్‌లో చేరింది, పెళ్లయిన ఆరేళ్లకి మొదటి జీతం. 2017 చివర్లో ఆ పర్మిషన్ తీసేస్తాం అని ట్రంప్ ప్రభుత్వం చెప్పింది. రోజూ ఇంటికొచ్చి మెయిల్ చూసుకోవడం, లాయర్ గ్రూపుల్లో పుకార్లు చదవడం, ఉంటుందా ఊడుతుందా. దానికి ముందు ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేథ్‌లో బార్‌లో కూర్చున్న మన హైదరాబాద్ ఇంజనీర్‌ని నా దేశం వదిలిపో అని అరిచి కాల్చి చంపారు. ఆ తర్వాత చాన్నాళ్లు అక్క షాపింగ్‌కి వెళ్తే ఫోన్లో మాతో తెలుగులో మాట్లాడేది కాదు, "ఇంటికెళ్లి చేస్తా" అని పెట్టేసేది. బావదేమో ఇంకో లెక్క, మనం లీగల్‌గా వచ్చాం, ట్యాక్స్ కడుతున్నాం, ఆయన గోల దొంగదారిన వచ్చేవాళ్ల మీద, మన మీద కాదు, పైగా మోదీతో బావుంటాడు అని. 2019లో హ్యూస్టన్‌లో హౌడీ మోదీ మీటింగ్‌కి న్యూజెర్సీ నుంచి ఫ్లైట్ టికెట్ కొనుక్కుని మరీ వెళ్లొచ్చాడు.

ఆ పేజీలో హెచ్1బి అన్న మాట కింద పెన్సిల్ గీత ఉంది. దాని మీదే సరిగ్గా ఎర్ర గీత కూడా ఉంది. పక్కన అక్క రాసింది: "చూశావా, ఏం తెలీదు, ఏదో చూద్దాంలే అంట, మన బతుకులు." కింద బావ: "చూశావా, మనకి ఇద్దామనే అన్నాడు, పక్కనున్నవాళ్లే చెడగొట్టారు."

నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే విలువైన పేజీ ఇదే అనిపించింది, వుల్ఫ్ వల్ల కాదులెండి. ఈ పుస్తకం మీద జనం ఎందుకలా విడిపోయారు అంటే ట్రంప్ పిచ్చి, ట్రంప్ ద్వేషం అని తేల్చేస్తాం కదా. పిచ్చీ ఉంది, ద్వేషమూ ఉంది, కాదన్ను. కానీ కింద ఇంకోటి ఉంది, చదివేవాడి వీసా, చదివేవాడి జీతం, చదివేవాడి భయం. జనగామ దగ్గర కొన్నె అనే ఊళ్లో ఒక రైతు 2019లో ట్రంప్ విగ్రహం పెట్టి రోజూ పూజ చేసేవాడు, పేపర్లన్నీ రాశాయి, గుర్తుందా. 2020లో పోయాడు పాపం, బతికుండగా ఆయనకి ఈ పుస్తకం ఇచ్చుంటే ఎన్ని స్టార్లిచ్చేవాడో అడగక్కర్లేదు. అలాగే 2017 జనవరిలో కొన్ని ముస్లిం దేశాల వాళ్లని రానివ్వకుండా ట్రావెల్ బ్యాన్ వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో ఇరుక్కున్న కుటుంబానికి ఇచ్చినా అడగక్కర్లేదు. ఆ బ్యాన్ శుక్రవారమే ఎందుకు వదిలారు అంటే వీకెండ్ కదా, లిబరల్స్ ఎయిర్‌పోర్టులకి వచ్చి గోల చేస్తారని కావాలనే అని బానన్ చెప్పినట్టు ఉంది పుస్తకంలో, చదువుతుంటే ఒళ్లు మండింది నాకు.

అదిగో, బానన్. నా అసలు కంప్లైంట్ ఇక్కడే, అక్కా బావా ఇద్దరి మీదా. చాప్టర్ పేర్లు చూడండి, నాలుగైదు చోట్ల బానన్ పేరే. ముందుమాట కథ బానన్ భోజనంతో మొదలవుతుంది, చివరి కథ కూడా బానన్‌దే. ఎవరి మనసులో ఏముందో అన్నిటికంటే బాగా తెలిసేది బానన్ మనసు. అల్లుడి ముఠా చేసిన ప్రతి వెధవ పనీ వివరంగా ఉంటుంది, బానన్ చేసినవి మాత్రం ఏదో పెద్ద వ్యూహంలాగా ఉంటాయి. నాకు అనుమానం వచ్చి ఒక రాత్రి కూర్చుని అక్క గీతలు లెక్కపెట్టా, మొదటి వంద పేజీల్లో. సగానికి పైగా బానన్ మాటలో, బానన్ వైపు నుంచి చెప్పిన ముచ్చటలో. ట్రావెల్ బ్యాన్ వెనకున్న మనిషి, అక్క లాంటి వాళ్లు దేశంలో ఉండటమే ఇష్టం లేని మనిషి, ఆయన నోట్లోంచి వచ్చిన మాటల కింద మా అక్క ప్రేమగా గీతలు గీసి "కరెక్ట్" అని రాసుకుంది! ఫోన్ చేసి ఇదే చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "శత్రువు చెప్పినా నిజం నిజమేరా" అంది. "మరి శత్రువు చెప్పాడని ఒకసారి అనుమానించాలి కదే" అన్నా. "నువ్వు మీ బావ దగ్గర ట్రైనింగ్ తీసుకున్నావా" అని పెట్టేసింది.

బావకి కూడా తక్కువేం లేదు. అంతా ఫేక్, అంతా లెఫ్ట్ మీడియా కల్పన అని మార్జిన్ నిండా రాశాడు కదా, పుస్తకంలో అన్నిటికంటే పెద్ద బాంబు ఎవరిది? 2016 జూన్‌లో ట్రంప్ టవర్‌లో కొడుకూ అల్లుడూ రష్యన్లని కలవడం దేశద్రోహం లాంటి పని అన్న మాట బానన్‌ది. అది కల్పన అయితే బానన్ నేనన్లేదు అని ఒక్క ముక్క చెప్పాలి కదా. చెప్పలేదు. నాలుగు రోజులాగి నేనన్నది ట్రంప్ కొడుకు జూనియర్‌ని కాదు, అదే మీటింగ్‌లో ఉన్న ప్రచారం మేనేజర్ మానఫోర్ట్‌ని అని సర్దుకున్నాడు, లేటుగా స్పందించినందుకు చింతిస్తున్నా అన్నాడు. ట్రంప్ ఆయనకి స్లాపీ స్టీవ్ అని పేరు పెట్టాడు, వారం తిరక్కుండా బ్రైట్‌బార్ట్ అనే న్యూస్ సైట్లో ఉన్న ఉద్యోగం పోయింది. అబద్ధపు పుస్తకం వల్ల ఒకడి ఉద్యోగం అంత నిజంగా ఎలా ఊడింది బావా అని అడగాలని ఉంది, కానీ అడిగితే సంక్రాంతికి పంపే సామానులో కోత పడుతుంది.

సెలబ్రిటీల సంగతి కూడా ఒక ముక్క. 2018 గ్రామీ ఫంక్షన్లో కార్డీ బి, స్నూప్ డాగ్, చెర్ లాంటి సింగర్లు ఒక్కొక్కళ్లే ఈ పుస్తకంలో పేరాలు చదివే స్కిట్ చేశారు, చివర్లో హిల్లరీ క్లింటన్ వచ్చి ఆ బర్గర్ విషం ముచ్చట చదివింది. అది చూశాక బావలాంటి వాళ్లందరికీ పుస్తకం తెరవాల్సిన అవసరమే లేకుండా పోయింది, ట్రంప్ చేతిలో ఓడిపోయినావిడే వచ్చి చదివాక ఇంకేముంది.

ఇదే టాపిక్ మీద నమ్మదగ్గది కావాలంటే అదే ఏడాది సెప్టెంబర్లో వచ్చిన బాబ్ వుడ్‌వర్డ్ ఫియర్ చదవండి, మొదటి వారంలోనే పదకొండు లక్షలు అమ్ముడుపోయింది. కొంచెం పొడిగా ఉంటుంది, మన రెవెన్యూ ఆఫీసు ఫైలు చదివినట్టు, కానీ ఆ మనిషికి ప్రెసిడెంట్ నిక్సన్‌ని దింపేసిన వాటర్‌గేట్ కుంభకోణం నుంచీ ఇదే పని. వుల్ఫ్ చెప్పిన గందరగోళం చాలావరకు అందులోనూ కనపడుతుంది, కాబట్టి వుల్ఫ్ మొత్తం కోశాడు అనడానికి లేదు. ట్రంప్ దగ్గర భద్రతా సలహాదారుగా చేసిన బోల్టన్ పుస్తకం, ట్రంప్ అన్నకూతురు మేరీ ట్రంప్ పుస్తకం కూడా 2020లో వచ్చాయి, రెంటినీ కోర్టుకి లాగారు, రెండూ ఆగలేదు. మేరీది కుటుంబం గొడవ కాబట్టి మనవాళ్లకి బాగా ఎక్కుతుంది, తాతగారి ఆస్తి పంపకాల దగ్గర్నుంచి ఉంటుంది.

నా రేటింగ్ మూడు. చదివించే గుణానికి నాలుగు ఇస్తా, ఆధారాలు చూపించనందుకు ఒకటి కోత. పుస్తకం మొదట్లో రచయిత నోట్ ఒకటుంది, రెండు మూడు పేజీలు, అది తప్పకుండా చదవండి. నాకు చెప్పినవాళ్లు ఒకరికొకరు పొంతన లేకుండా చెప్పారు, చాలావి పచ్చి అబద్ధాలే, కొన్నిచోట్ల ఎవరి మాట వాళ్లనే చెప్పనిచ్చా, కొన్నిచోట్ల నాకు నిజమనిపించింది రాశా అని ఆయనే ఒప్పుకుంటాడు. ఇంత పెద్ద మాట చెప్పాక ఏది ఏ రకమో లోపల గుర్తు పెట్టాలా వద్దా? పెట్టలేదు. ఆ నోట్ ఉన్న పేజీలు మా కాపీలో తెల్లగా ఉన్నాయి. పెన్సిల్ లేదు, ఎర్ర పెన్ను లేదు.

బావ సంగతి అడుగుతారేమో, 2025 సెప్టెంబర్లో కొత్త హెచ్1బికి లక్ష డాలర్ల ఫీజు అన్నప్పటి నుంచి ఆ టాపిక్ వస్తే ఫోన్ చూసుకుంటున్నాడు. పార్టీ మారలేదు, అది మాత్రం అడక్కండి.

పుస్తకం ఎవరికైనా ఇచ్చెయ్ అంది కదా అక్క, ప్రస్తుతం నాన్న దగ్గరుంది. రిటైర్డ్ ఇంగ్లీష్ మాస్టారు, ట్రంప్ గెలిచినా ఓడినా ఆయనకి పట్టదు. కళ్లజోడు పెట్టుకుని, నీలం ఇంకు పెన్ను పట్టుకుని వరండాలో కూర్చున్నారు. నిన్న రాత్రి ఫోన్ చేస్తే బానన్ గురించి ఏమన్నా అంటారేమో అనుకున్నా. "పబ్లిక్ అన్న మాటలో ఒక ఎల్ ఎగిరిపోయింది చూశావట్రా, ఎంత పెద్ద బూతయి కూర్చుందో, ముప్ఫై డాలర్లు తీసుకుని ప్రూఫులు దిద్దుకోలేరూ వీళ్లు" అన్నారు. ఇప్పటికి పదకొండు దొరికాయట, మిగతావి దిద్దేదాకా ఎవరికీ ఇవ్వనన్నారు.